క్వెన్యానా, సిందారినా?

పర్లాకిమిడి వైపు మన పిల్లల పేర్లు ఇంట్లో తెలుగులో, బడి రిజిస్టర్‌లో ఒడియాలో ఉంటాయి. ఇక కల్పిత కథల్లోని ఎల్ఫులనే జాతి భాషలో కూడా కావాలనే సరదా పుడితే, 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రాసిన టోల్కీన్ అల్లినవాటిలో ముఖ్యమైనవి రెండు: క్వెన్యా, సిందారిన్.

పేరుకి అర్థం ఉండి, ఆ అర్థాన్నే అనువదించాలంటే నా ఓటు క్వెన్యాకే. ఫిన్నిష్ వాసన ఉన్న భాష. అచ్చుతో ముగిసే మాటలెక్కువ కాబట్టి మన చెవికి ఇట్టే అలవాటవుతుంది. పుష్ప అందులో 'లోతె'. సిందారిన్‌లో 'లొథ్' అని టక్కున తెగిపోతుంది. సూర్యకి 'అనార్', అవతల 'అనోర్'. పెద్ద తేడా లేదు.

అర్థం జోలికి పోకుండా పిలుపు అలాగే ఉంచాలంటే మాత్రం క్వెన్యా మొండికేస్తుంది. మాట మొదట్లో బ, గ, ద రానివ్వదు. గోపి, దుర్గ, బుజ్జి గుమ్మంలోనే ఆగిపోతారు. బ్రిటన్‌లోని వెల్ష్ భాష పోలికలున్న సిందారిన్‌కి ఆ పట్టింపు లేదు. కాకపోతే బుజ్జిలోని 'జ్జ' దానికీ నోరు తిరగదు!