సింగపూర్‌లో పోపు పెట్టకుండా కడుపు నింపుకోవడం

సింగపూర్‌లో గది అద్దెకు వెతికితే ప్రకటనల్లో మాటిమాటికీ కనిపించే షరతు ‘లైట్ కుకింగ్ ఓన్లీ’. నూడుల్స్ చేసుకోవచ్చు, గుడ్డు ఉడకబెట్టుకోవచ్చు, పోపు మాత్రం పెట్టకూడదన్నమాట. కొందరు ఓనర్లయితే అసలు వంటే వద్దంటారు. ఆఫీసు పని మీద వచ్చి తోవా పయోలో ఒక హెచ్‌డీబీ ఫ్లాట్‌లో, అంటే ప్రభుత్వం కట్టించిన అపార్ట్‌మెంట్‌లో, గది తీసుకున్నప్పుడు నాకూ అదే షరతు పెట్టారు. హెచ్‌డీబీ ఇంటిని ఆరు నెలలకు తక్కువ కాలానికి అద్దెకివ్వడం చట్టం ఒప్పుకోదు. కాబట్టి కనీసం ఆరు నెలలు కుక్కర్ విజిల్ సంగతి మరిచిపోయి, రోజూ తిన్నా జేబుకీ కడుపుకీ పడే తిండి ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

అంతకుముందు కొన్నాళ్లు కంపెనీ రాఫెల్స్ ప్లేస్ దగ్గర సర్వీస్ అపార్ట్‌మెంట్‌లో పెట్టింది. స్విమ్మింగ్ పూల్, కిటికీలోంచి మరీనా బే, మైక్రోవేవ్ ఉన్న చిన్న వంటగది, అన్నీ బాగానే ఉన్నాయి. తిండి దగ్గరే ఇబ్బంది. ఆ చుట్టుపక్కల స్టాళ్లు ఆఫీసు జనం మీద నడుస్తాయి. మధ్యాహ్నం కిటకిటలాడే అమోయ్ స్ట్రీట్ ఫుడ్ సెంటర్‌లో శని, ఆదివారాలు చాలా షట్టర్లు దించే ఉంటాయి. మిగిలేవి రెస్టారెంట్లు. వాటి మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటే పది శాతం సర్వీస్ ఛార్జీ, ఆ పైన జీఎస్‌టీ అదనం అని అర్థం. 2024 జనవరి నుంచి జీఎస్‌టీ 9 శాతం. పది సింగపూర్ డాలర్ల వంటకం బిల్లులోకి వచ్చేసరికి దాదాపు పన్నెండు అవుతుంది. తోవా పయో గదికి నెలకు వెయ్యి డాలర్లు అటూ ఇటూగా అద్దె కట్టాను, పూల్ లేదు, బాత్రూమ్ ఇంకొకరితో పంచుకోవాలి. అయినా మళ్లీ ఎంచుకోమంటే అదే ఎంచుకుంటాను. లిఫ్టు దిగితే కింద కాఫీ షాపు, పది నిమిషాలు నడిస్తే లోరాంగ్ 8 మార్కెట్.

ఇలా ఒకే కప్పు కింద తిండి స్టాళ్లన్నీ ఉండే చోట్లను హాకర్ సెంటర్లంటారు. అవెలా పుట్టాయో తెలిస్తే అక్కడి ధరలు ఎందుకలా ఉన్నాయో అర్థమవుతుంది. ఒకప్పుడు ఇక్కడా తిండి బళ్లన్నీ రోడ్డు మీదే ఉండేవి. నీటి వసతి లేదు, చెత్తంతా కాల్వల్లోకి పోయేది. ప్రభుత్వం వాళ్లందరికీ లైసెన్సులిచ్చి, 1970లు, 80లలో కప్పు, నీళ్లు, కరెంటు ఉన్న కేంద్రాలు కట్టి అక్కడికి మార్చింది. ఇప్పుడు అలాంటివి వందకు పైగా ఉన్నాయి. పాత తరం హాకర్లకు చాలామందికి స్టాలు రాయితీ అద్దెకు దక్కింది, కొత్తగా వచ్చేవాళ్లు టెండరు వేసుకోవాలి. అందుకే ఒకే సెంటర్‌లో డెబ్భై ఏళ్ల పెద్దాయన మూడు డాలర్లకు నూడుల్స్ ఇస్తుంటే, రెండు షట్టర్ల అవతల కుర్రాడు దాదాపు అదే నూడుల్స్ ఆరు డాలర్లకు అమ్ముతాడు. 2020 డిసెంబరులో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని వారసత్వ జాబితాలో చేర్చింది. పిల్లలు ఈ పనిలోకి రామంటున్నారని ఆ పెద్దవాళ్లే చెబుతుంటారు. రోజంతా ఆ వేడిలో నిలబడి చూస్తే పిల్లలది తప్పనిపించదు.

రోజువారీ తిండికి నేను పెద్ద పీట వేసేది ‘చాయ్ ప్ంగ్’కి. మిక్స్‌డ్ రైస్, ఎకనామిక్ రైస్ అని కూడా అంటారు. గాజు అద్దం వెనక పదిహేను, ఇరవై ట్రేలలో కూరలుంటాయి. క్యాబేజీ, పాలకూరలాంటి ఆకులు, టోఫు, ఆవిరి మీద ఉడికించిన గుడ్డు, కూర చికెన్, తీపి పులుపు పంది మాంసం. పేర్లు తెలియక్కర్లేదు, వేలు చూపిస్తే చాలు. అన్నం, రెండు కూరగాయలు, ఒక మాంసం కలిపి నాలుగైదు డాలర్లు అవుతుంది. చేప ముక్క మీద వేలు పెట్టారంటే లెక్క మారిపోతుంది. ధరల బోర్డు ఉండదు, ఆంటీ ప్లేటు ఒకసారి చూసి అంకె చెప్పేస్తుంది. ఆ అంకె ఎలా వచ్చిందని అడిగే ధైర్యం నాకు ఎప్పుడూ కలగలేదు. అన్నం మీద కర్రీ గ్రేవీ పోయమంటే ఊరికే పోస్తారు. పచ్చళ్లకు, పులుసులకు అలవాటుపడ్డ నోటికి ఆ గ్రేవీ లేకపోతే అన్నం దిగదు.

చికెన్ రైస్ విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. మాక్స్‌వెల్ ఫుడ్ సెంటర్‌లో టియాన్ టియాన్ అనే పేరున్న స్టాలు ముందు లైను చూసే ఉంటారు. బాగుంటుంది, కాదనను. కానీ ఎండలో అరగంట నిలబడేంత తేడా నాకు తెలియలేదు. మా బ్లాకు దగ్గరి స్టాలులో అయిదు డాలర్లలోపే దొరికేది దానికి పెద్దగా తీసిపోదు. అసలు ఈ వంటకంలో ప్రాణం కోడిలో కన్నా అన్నంలో ఉంది. కోడి కొవ్వులో అల్లం, వెల్లుల్లి వేయించి, కోడి ఉడికిన నీళ్లతో, పాండన్ ఆకు వేసి వండుతారు. పక్కన మిరపకాయ, అల్లం, నిమ్మరసం కలిపిన చట్నీ. ఉడికించిన తెల్ల కోడి గోరువెచ్చగా, తోలు జారుతూ ఉంటుంది, మనవాళ్లు చాలామంది చూడగానే వెనక్కి తగ్గుతారు. అలాంటప్పుడు రోస్టెడ్ అని అడిగితే సరి.

ఇంటి రుచి మీద మనసు లాగినప్పుడు లిటిల్ ఇండియా వెళ్లడం అందరూ చేసే పనే. అక్కడ సెరంగూన్ రోడ్డు మీద 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ లాంటి పాత శాకాహార హోటళ్లున్నాయి. దోసె నమ్మకంగా తినొచ్చు. ఆంధ్ర భోజనం పేరుతో బోర్డు పెట్టిన ఒకచోట మాత్రం, పేరు ఎందుకులెండి, తియ్యటి పప్పుకీ ఫ్రిజ్‌లోంచి తీసిన గోంగూరకీ మా రెండు రోజుల తిండి ఖర్చంత బిల్లు వేశారు. ఆ వీధి చివర టెక్కా సెంటర్ దానికన్నా ఎంతో మేలు. ఒకవైపు చేపలు, మేక మాంసం, కరివేపాకు అమ్మే మార్కెట్, ఇంకోవైపు తిండి స్టాళ్లు. పరాటాను ఇక్కడ ‘ప్రాటా’ అంటారు. సాదాది డాలరున్నర అటూ ఇటూ, గుడ్డు వేస్తే ఇంకాస్త ఎక్కువ. పప్పు కావాలా, చేపల పులుసు కావాలా అని అడుగుతారు. పులుసే అడగండి. ఇండియన్ రోజక్ కూడా ఇక్కడే మొదటిసారి తిన్నాను. రకరకాల వడలు, బజ్జీలు, బంగాళాదుంప, టోఫు ఏరుకుంటే వేడిచేసి, ముక్కలు కోసి, చిలగడదుంపతో చేసిన ఎర్రటి తీపి కారం సాస్ ఇస్తారు. చైనీస్ రోజక్ వేరు, దాంట్లో రొయ్యల ముద్ద ఉంటుంది.

అమ్మ వచ్చి ఉన్న రోజుల్లో ఈ ఊరు నాకు కొత్తగా కనిపించింది. ఆవిడ శాకాహారి, కార్తీకమాసంలో ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టదు. వచ్చింది సరిగ్గా అప్పుడే. ఇక్కడ కూరగాయల వంటకంలా కనిపించేవాటిలో సగం శాకాహారం కాదు. సంబల్ అనే మిరప పచ్చడిలో బెలాచాన్ అనే రొయ్యల ముద్ద ఉంటుంది. లక్సా అనే నూడుల్స్ పులుసులో ఎండు రొయ్యలు. నాసి లెమాక్‌లో కొబ్బరి పాలతో వండిన అన్నం బాగానే ఉంటుంది కానీ, పక్కన వేయించిన చిన్న చేపలు పెడతారు. మిక్స్‌డ్ రైస్‌లో ఆకుకూరలకు ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ తగులుతుంది. ‘వెజిటబుల్ ఓన్లీ’ అంటే వాళ్లు తలూపి, అదే సాస్‌లో వేయించిన కూర పెడతారు.

దారి చూపింది బౌద్ధులు. దాదాపు ప్రతి హాకర్ సెంటర్‌లో ఒక చైనీస్ వెజిటేరియన్ స్టాలు ఉంటుంది. వాళ్లలో చాలామంది నియమం ప్రకారం ఉల్లి, వెల్లుల్లి వాడరు. వేయించిన సన్న సేమియా, క్యాబేజీ, టోఫు చర్మంతో చేసిన వేపుడు కలిపి మూడు నాలుగు డాలర్లు. వాళ్ల చాంద్రమాన లెక్కలో ఒకటో తేదీ, పదిహేనో తేదీ, అంటే మన అమావాస్య, పౌర్ణమి ప్రాంతంలో, మామూలుగా మాంసం తినేవాళ్లు కూడా శాకాహారానికి వస్తారు, లైను పెరుగుతుంది. ఆ సంగతి విన్నాక అమ్మకు ఆ స్టాలు మీద గురి కుదిరింది. అయితే ప్లేటులో ఎర్రటి అంచుతో మాంసం ముక్కలా ఒకటి కనబడేసరికి తినడం ఆపేసింది. అది గోధుమ పిండి జిగురుతో చేసిన నకిలీ మాంసం. ఎంత చెప్పినా నమ్మలేదు.

“మాంసం వద్దనుకున్నవాళ్లకి దాని ఆకారం మాత్రం ఎందుకురా?” అంది.

ఆ తర్వాత నుంచి అది లేకుండా అడిగి తెచ్చేవాడిని. కొన్ని స్టాళ్లలో గుడ్డు వాడతారు, అదొక్కటి ముందే అడగాలి. పుటు పిరింగ్ మాత్రం అమ్మకు భయం లేకుండా నచ్చింది. బియ్యప్పిండిలో తాటిబెల్లం లాంటి గుల మెలాకా పెట్టి, ఆవిరి మీద ఉడికించి, పైన కొబ్బరి కోరు వేస్తారు. వేడిగా ఉండగానే తినాలి, చల్లారితే బెల్లం బిగుసుకుపోతుంది.

కాఫీ ఇక్కడ వేరే శాస్త్రం. గింజల్ని చక్కెర, మార్జరిన్‌తో కలిపి మాడేదాకా వేయిస్తారు, డికాషన్ చిక్కగా, చేదుగా దిగుతుంది. ఉత్తినే ‘కోపీ’ అంటే కండెన్స్‌డ్ మిల్క్‌తో ఇస్తారు, మనకు పాయసమంత తీపి. ‘కోపీ సి’ అంటే చిక్కటి పాలు, చక్కెర. నాకు కుదిరింది ‘కోపీ సి సియూ డాయ్’, అదే చక్కెర తక్కువ. చక్కెర అసలు వద్దంటే ‘కొసొంగ్’, పాలు వద్దంటే ‘ఓ’. ధర డాలరున్నర ప్రాంతంలో. ఏసీ కేఫ్‌లో ఒక్క కప్పుకి ఇచ్చే డబ్బుతో ఇక్కడ మూడు, నాలుగు తాగొచ్చు.

పద్ధతుల్లో రెండు తెలియకపోతే ఇబ్బంది. ఖాళీ బల్ల మీద టిష్యూ పొట్లం కనిపిస్తే ఎవరో సీటు ఆపుకున్నారని అర్థం, అది చట్టం కాదు గానీ అందరూ పాటిస్తారు. తిన్నాక ట్రే తీసి దాని చోట పెట్టడం మాత్రం చట్టమే. హాకర్ సెంటర్లలో 2021 సెప్టెంబరు నుంచి, తీయకుండా లేస్తే మొదటిసారి హెచ్చరిక, మళ్లీ దొరికితే జరిమానా. హలాల్ ట్రేలు పెట్టే చోటు వేరుగా ఉంటుంది, చూసుకుని పెట్టాలి. చాలా స్టాళ్లు నగదు, లేదా స్థానిక బ్యాంకు ఖాతాతో నడిచే పేనౌ తీసుకుంటాయి. విదేశీ కార్డు చూపిస్తే తల అడ్డంగా ఊపుతారు. పార్సిల్‌కు ఇరవై, ముప్పై సెంట్లు ఎక్కువ.

చుట్టాలొస్తే చూపించడానికి లా పా సాట్ బాగుంటుంది. పోత ఇనుప స్తంభాల పాత మార్కెట్ భవనం, సాయంత్రం పక్క వీధిలో ట్రాఫిక్ ఆపి బొగ్గుల మీద సాటే, అంటే పుల్లకు గుచ్చిన మాంసం, కాలుస్తారు. ఫొటోలకు, పొగకు, గాలికి వెళ్లాలి, రోజూ తినడానికి కాదు. పర్యాటకులు గుమిగూడే చోట్ల మెనూ కార్డు పట్టుకుని ఎదురొచ్చి పిలిచేవాళ్లుంటే పీతలు, రొయ్యలు కిలో ఎంతో, మొత్తం బరువెంతో ముందే అడిగి తీరాలి. మాల్స్‌లోని ఫుడ్ కోర్టులు హాకర్ సెంటర్లకూ రెస్టారెంట్లకూ మధ్య రకం. ఏసీ కోసం ప్లేటుకు రెండు మూడు డాలర్లు ఎక్కువ పెడతారు, రుచి ఒకటే అచ్చులో పోసినట్టుంటుంది. వాన పడుతున్నప్పుడు తప్ప నేను వెళ్లలేదు.

నాలుగు రోజులకు వచ్చేవాళ్లు హోటల్ బుక్ చేసేటప్పుడు మరీనా బే దృశ్యానికి డబ్బు పోయకుండా జలాన్ బెసార్, లావెండర్ వైపు చూస్తే గది చిన్నదైనా నడిచేంత దూరంలో హాకర్ సెంటరూ, టెక్కాకు పోయే బస్సూ ఉంటాయి. సోమవారం చాలా స్టాళ్లకు సెలవు. పేరున్నవి మధ్యాహ్నం రెండింటికే అమ్ముడైపోతాయి. కొన్ని నెలలకోసారి శుభ్రం చేయడానికి సెంటర్ మొత్తం మూసేస్తారు, ఆ తేదీలు ముందే ప్రకటిస్తారు కాబట్టి బయల్దేరేముందు చూసుకోవడం మంచిది.