ఆరు గంటల టీ

ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్ వెళ్లేవారికి ముందుగా ఒక మాట. బస ఇచ్చిన ఇంటావిడ "ఆరు గంటలకు టీ" అంటే కడుపు ఖాళీగా ఉంచుకోండి. మేము తెలియక ఐదున్నరకే సంచిలోని జంతికలన్నీ తినేసి కిందికి దిగాం. బల్ల మీద మెత్తగా మెదిపిన బంగాళాదుంపలు, బఠానీలు, పళ్లెం నిండా పిండి పొరలో కూరగాయలు పెట్టి కాల్చిన "పై" అనే వంటకం! అక్కడి శ్రామిక కుటుంబాలలో సాయంత్రపు భోజనం పేరే టీ. మధ్యాహ్నం తినేది డిన్నర్. పెద్దింటివారికి మాత్రం డిన్నర్ రాత్రి ఎనిమిదికి. మనవాళ్లు ఇంటిపేరు అడిగి ఆరా తీసేదాన్ని, ఇంగ్లీషువాళ్లు ఎదుటివాడు నోరు విప్పగానే తేల్చేస్తారు.

ఆ బస హేఫీల్డ్ అనే పాత మిల్లుల ఊళ్లో. మాంచెస్టర్ నుంచి రైలులో న్యూ మిల్స్, అక్కడి నుంచి బస్సు. గది చిన్నది, మెట్లు ఇరుకు, స్నానాలగది ఉమ్మడి. అయినా ఆవిడ మా తడి బూట్లలో పాత వార్తాపత్రికలు కుక్కి, రాత్రంతా పొయ్యి పక్కన ఆరబెట్టారు. అలాంటి సేవకు ధరల పట్టికలో చోటుండదు.

చాట్స్‌వర్త్ భవనం చూడాలంటే రోజంతా కేటాయించండి. టికెట్టు ఖరీదే. 1549 నుంచి కావెండిష్ వంశం చేతిలో ఉంది. ఆ వంశపు పెద్దనే డెవన్‌షైర్ డ్యూక్ అంటారు. ఒక తలుపు మీద వేలాడుతున్న వయొలిన్ నిజమైనదనుకుని దగ్గరికి వెళ్లాను, బొమ్మ! కానీ నాకు గుర్తుండిపోయింది పక్కనున్న ఊరు. రాయడం ఎడెన్సర్, పలకడం ఎన్సర్. అక్షరాలు చదువుకుని వచ్చినవాడు అక్కడే దొరికిపోతాడు. భవనం కిటికీల్లోంచి ఇళ్లు కనిపిస్తున్నాయని పద్దెనిమిదో శతాబ్దంలో కొన్నింటిని తీసేశారు. తర్వాత 1838 నుంచి 1842 దాకా ఆరో డ్యూక్ హయాంలో మిగిలిన ఊరిని కూడా కొత్త చోట కట్టించారు.

ఒక రాత్రి సరదాపడి, జమీందారీ భవనంలో నడుపుతున్న హోటల్లో దిగాం. పరుపు మెత్తన, తొట్టిలో ఈత కొట్టవచ్చు. మెట్ల దగ్గరి కుర్రవాడు ఎంతో మర్యాదగా "చూసిపోయే సందర్శకులకు టీ బయట తోటలో ఇస్తారు, సర్" అన్నాడు. మా గది తాళంచెవి చూపించాక క్షమాపణ చెప్పాడు. భోజనం దగ్గర మూతి తుడుచుకునే గుడ్డను సర్వియెట్ అని అడిగితే "మీ నాప్‌కిన్, సర్" అని తెచ్చి ఇచ్చారు. పెద్దింటివారు సర్వియెట్ అనరట. దిద్దారో, సాయం చేశారో! ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అయినా ఆ రాత్రి మేము దగ్గు వచ్చినా నోరు మూసుకుని దగ్గాం. మా ఊళ్లో పాలేర్లు దొడ్డిగుమ్మం నుంచి వచ్చేవారు. ఇక్కడి దొడ్డిగుమ్మాన్ని గోడకాగితం అంటించి గోడలోనే దాచేశారు. వెనక నౌకర్ల ఇరుకు మెట్లు ఇంకా ఉన్నాయి. డబ్బుకు తగ్గ గదే కానీ మళ్లీ వెళ్లం.

సామాను హేఫీల్డ్‌లోనే వదిలాం కాబట్టి తిరిగి అక్కడికే వచ్చి, కిండర్ కొండ దారి పట్టాం. బౌడెన్ బ్రిడ్జ్ రాతిగని గోడకు ఫలకం ఉంది. 1932 ఏప్రిల్ 24న ఇక్కడి నుంచే సుమారు 400 మంది, ఎక్కువగా మాంచెస్టర్ కార్మిక యువకులు, జనాన్ని రానివ్వని అప్పటి డెవన్‌షైర్ డ్యూక్ వేటభూమిలోకి కావాలనే నడిచారు. ఐదుగురిని జైలుకు పంపారు. 2002లో పదకొండో డ్యూక్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఎక్కడం కష్టమే, గాలి విపరీతం. ఈ యాత్రలో డబ్బు పుచ్చుకోని చోటు ఇదొక్కటే.

బయలుదేరే ముందు ఇంటావిడ హోటల్ సంగతి అడిగారు. ఫోర్కులు ఎన్ని పెట్టారో కూడా అడిగారు. మీరెప్పుడైనా వెళ్లారా అన్నాను. డెబ్భై ఏళ్లుగా ఈ చుట్టుపక్కలే ఉంటున్నా ఆ గేటు దాటలేదట. "అలాంటివి అస్ లాంటి వాళ్లకు కాదు" అన్నారు. ఇంగ్లీషులో మా, మన రెండింటికీ ఒకే మాట. ఆవిడ ఏది అన్నారో బస్సు వచ్చేదాకా తేల్చుకోలేకపోయాను.