ఒమాహాలో ఆసుల జత: పాట్ రైజా, కాలా?

పాట్ లిమిట్ ఒమాహా అంటే చేతికి నాలుగు ముక్కలు వచ్చే పోకర్ ఆట; ఒక్కసారికి పాట్ (మధ్యలో పోగైన పందెం) మేరకే పెంచొచ్చు. ఇందులో బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు పెట్టే తప్పనిసరి పందేలు) 1, 2 అయితే మొదటి రైజ్ (పందెం పెంచడం) గరిష్ఠంగా 7. రెండు ఆసులు, రెండు రాజులు వచ్చి, ఇస్పేటు ఆసుకు ఇస్పేటు రాజు, ఆఠీను ఆసుకు ఆఠీను రాజు తోడుంటే ఆ 7 పెట్టేయండి. అంతకన్నా మంచి చెయ్యి అరుదు.

చిక్కంతా ఆసు-ఆసు-7-2 నాలుగు వేర్వేరు రకాల్లో (ఇస్పేటు, ఆఠీను వగైరా) పడ్డప్పుడే. చేతిలోంచి కచ్చితంగా రెండే ముక్కలు వాడాలి కాబట్టి ఆ 7, 2 దాదాపు దండగ. ముగ్గురు నలుగురు ఫ్లాప్ (బల్ల మీద తెరిచే మొదటి మూడు ఉమ్మడి ముక్కలు) చూస్తే ఒట్టి ఆసుల జత నిలవడం కష్టం. స్టాకులు (ఒక్కొక్కరి ముందున్న చిప్స్) లోతుగా, అంటే బ్లైండ్లతో పోలిస్తే చాలా ఎక్కువగా, ఉన్నప్పుడు పెద్ద రీరైజ్ (ఎదుటివాళ్లు పెంచిన పందేన్ని మళ్లీ పెంచడం) చేస్తే మీ ఆసులు ఎదుటివాళ్లకు తెలిసిపోతాయి; మీకు మాత్రం వాళ్ల చెయ్యి తెలియదు. అక్కడ నా ఓటు ఎదుటి పందేనికి సమానంగా పెట్టి ఆటలో ఉండే కాల్‌కే. రీరైజ్‌తో స్టాకులో మూడో వంతు లోపలికి వెళ్తుందనుకుంటే మాత్రం ఈ బలహీనమైన ఆసులతోనూ వెనకాడను.