చెరువుకు ఏది మేలు: గుర్రపుడెక్కా, తామరా, కలువా, జమ్మా?

గుంటూరు, తెనాలి వైపు ఊళ్లలో చెరువు బాగుచేయడమంటే పొక్లెయిన్ దింపి మొత్తం గీకేయడమే అనుకుంటారు. నాకది నచ్చదు. పొలాల యూరియా, వీధి మురుగు వచ్చి పడుతున్నంత కాలం, మొక్కలన్నీ పీకేస్తే ఆ నత్రజని, భాస్వరం తిని పాచి పెరుగుతుంది. ఎండలు ముదిరేసరికి నీళ్లు పచ్చబడతాయి. చెరువులో మొక్క ఉండాల్సిందే.

మురుగులో పోషకాలు పీల్చడంలో గుర్రపుడెక్క మహా జోరు. అందుకే “ఉండనీ, నీళ్లు శుభ్రమవుతాయి” అనేవాళ్లున్నారు. ఒక్క దుబ్బు పైకి లాగి చూడండి. ఉబ్బిన కాడల నిండా గాలి, కింద ఈకల్లాంటి నల్లటి వేళ్లు, వాటికి అంటుకున్న బురదా నత్తలూ. దుబ్బు లేచిన చోట కుళ్లు వాసన. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క అనువు కుదిరితే రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. చెరువంతా కమ్మితే నీళ్లలోకి వెలుతురూ గాలీ దిగవు, చేపలకు ఊపిరాడదు. చచ్చి మునిగిందా, పీల్చిందంతా మళ్లీ నీళ్లలోకే. విజయవాడ కాలువల్లో, బుడమేరులో, కొల్లేటిలో ఎంత తీసినా మళ్లీ వస్తూనే ఉంది. విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి బతుకుతాయి మరి.

తామర మన మొక్కే. అయినా చిన్న చెరువుకు వద్దంటాను. దుంప బురదలో పాకిపోతుంది, ఆకులు నీటిపైకి లేచి ఒత్తుగా కమ్ముకుంటాయి. కలువ అంత దూకుడు కాదు. దాని ఆకులు నీటిమీదే పరచుకుని ఎండను ఆపుతాయి, పాచి అదుపులో ఉంటుంది. చెరువులో మూడో వంతు దాటకుండా చూసుకుంటే చాలు.

అడుగున పెరిగే నాచును తినిపించడానికి గడ్డిచేపను (గ్రాస్ కార్ప్) వదులుతుంటారు. అది తిన్నదంతా రెట్టగా నీళ్లలోనే వదులుతుంది, ఆపైన పాచికి పండగే.

మురుగు దిగే మూలకు మాత్రం జమ్మే, అంటే నీటి అంచున నిలువుగా పెరిగే పొడవాటి గడ్డే, మేలు. మట్టినీ చెత్తనూ అక్కడే ఆపుతుంది. కాడల లోపలి నుంచి గాలి వేళ్లకు దిగుతుంది, ఆ వేళ్ల చుట్టూ చేరిన సూక్ష్మజీవులు మురుగును తినేస్తాయి. ఒకప్పుడు గుడిసెల కప్పుకని జమ్ము కోసుకుపోయేవాళ్లు, చెరువుకు ఆ పోషకాల బరువు తగ్గేది. ఇప్పుడు పంచాయతీ కూలి ఇచ్చయినా ఏటా కోయించాలి. నీటి మట్టానికి పైనే కోయాలి. కింద కోస్తే మోడులోకి నీళ్లు దిగి దుబ్బు చస్తుంది. కోసింది గట్టుమీద కుప్పపోయకుండా ట్రాక్టరుకెత్తి పొలానికి తోలాలి, లేదంటే తొలి వానకే ఆ రసం చెరువులోకి దిగుతుంది.