కిటికీ ఉన్న గ్రో బ్యాగ్: ఆలుగడ్డకు సరే, గెనుసుగడ్డకు వద్దు

మిద్దెతోట పెంచేవాళ్లు ఈమధ్య తెగ కొంటున్న సంచి ఇది. పక్కన వెల్క్రో కిటికీ ఉంటుంది, మొక్క పీకకుండా తెరిచి కావలసినన్ని దుంపలు తీసుకోవచ్చని అమ్మేవాళ్ల మాట. నేను పది గ్యాలన్లది ఆన్‌లైన్‌లో తెప్పించి ఆలుగడ్డ, గెనుసుగడ్డ, అల్లం మూడూ వేసి చూశాను.

సంచి వరకు వంక పెట్టడానికి లేదు. మందపాటి గుడ్డ, నీళ్లు ఎక్కువైతే చుట్టూ కారిపోతాయి, దుంప కుళ్లే టెన్షన్ తక్కువ. కాకపోతే హైదరాబాద్ ఎండకి త్వరగా ఆరిపోతుంది, మామూలు హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) సంచికి ఒకసారి పోసే చోట దీనికి రెండుసార్లు పోయాలి.

అసలు గొడవంతా ఆ కిటికీతోనే. ఆలుగడ్డలు విత్తన దుంపకి పైన ఊరతాయి, ఈ సంచికి కిటికీ ఏమో కింది సగంలో ఉంది. అందుకని సంచి నిండా మట్టి నింపి పైన నాటితే కిటికీ తెరిచినప్పుడు కనిపించేది మట్టే. అడుగున నాలుగు వేళ్ల మందం మట్టి వేసి, అక్టోబర్ చివర్లో నాటి, మొక్క లేచేకొద్దీ మట్టి ఎగదోస్తూ పోతే అప్పుడు లేత గడ్డలు కొన్ని చేతికి అందుతాయి. అవి నిలవకి పనికిరావు, తొక్క గోటితో గీరితే ఊడిపోతుంది, ఆ రోజే వండేయాలి. ఇంకొకటి, వెల్క్రో పళ్లలో కోకోపీట్ (కొబ్బరి పొట్టు) పీచు, ఎర్రమట్టి ఇరుక్కుని రెండోసారికే సరిగ్గా అంటుకోదు. పాత టూత్ బ్రష్‌తో గీకితే గానీ మూతపడదు, సందు మిగిలితే వెలుతురు తగిలి ఆ పక్క గడ్డలు పచ్చబడతాయి, పచ్చబడ్డవి తినకూడదు.

గెనుసుగడ్డకి ఈ కిటికీ దండగ. దుంపలన్నీ తీగ మొదలు కిందే గుత్తిగా ఉంటాయి, పక్క నుంచి చెయ్యి పెట్టి కెలికితే మొక్క వేళ్లు తెగడం తప్ప ఏమీ రాదు. నాలుగు నెలలయ్యాక వారం ముందు నీళ్లు తగ్గించి, తీగ కోసేసి, సంచిని పట్టా మీద బోర్లించడమే సుఖం, గునపం పోటు కూడా తగలదు. అల్లానికి మాత్రం బ్రహ్మాండం. ఐదారు నెలల నుంచి అంచున ఉన్న లేత కొమ్ము విరుచుకుంటూ ఉంటే మిగతాది లోపల ఊరుతూనే ఉంటుంది.

సంచితో పాటు ఒక కాగితం ఇచ్చారు. దుంపలు కడిగి ఫ్రిజ్‌లో పెట్టుకోమని రాశారు, ఎవరు రాశారో గానీ ఎప్పుడూ గడ్డ తవ్విన మనిషి కాదు! కడిగితే కుళ్లు త్వరగా వస్తుంది, మట్టి ఆరాక చేత్తో దులిపితే చాలు. గెనుసుగడ్డని పది డిగ్రీల లోపు పెడితే ఉడికించినా మధ్యలో గట్టిగా ఉండిపోతుంది. ఆలుగడ్డలో అయితే ఫ్రిజ్ చలికి పిండి చక్కెరగా మారి వేపుడు నల్లబడుతుంది. గెనుసుగడ్డలు తవ్వగానే ఓ వారం నీడలో, వెచ్చగా, గాలిలో కాస్త తేమ ఉన్నచోట గోనెసంచి మీద పరిస్తే తవ్వేటప్పుడు పడ్డ గీతలు మాని తొక్క గట్టిపడుతుంది, తీపీ పెరుగుతుంది. అక్టోబర్‌లో తవ్వితే ఆ తేమ కొంత గాలిలోనే ఉంటుంది, మార్చిలో అయితే పక్కన తడి గోనె వేలాడదీస్తాను. తర్వాత చీకటిగా, గాలి ఆడేచోట వెదురు బుట్టలో ఉంచాలి. ఆలుగడ్డల్ని ఉల్లిపాయల పక్కన పెట్టకండి.

ధర మామూలు సంచికి రెండింతలకు పైనే. ఆలుగడ్డ, అల్లం పెంచే సరదా ఉంటే ఒకటి కొనండి, డజను కొనకండి. కందకైతే దీని జోలికే పోవద్దు. ఆకు పండి కాడ వాలిపోయాక నీళ్లు ఆపేసి మట్టిలోనే వదిలేయడం, కూర వండే రోజు తవ్వుకోవడం మా అత్తయ్యగారి పద్ధతి, దానికి ఆవిడ వాడేది అడుగున చిల్లులు పెట్టిన ఇరవై లీటర్ల పెయింట్ డబ్బా.