నీళ్ల కిట్టా, సీఎన్‌జీ కిట్టా?

మా బామ్మర్ది హన్మకొండల కారు కిరాయికి నడుపుతడు, మొన్న ఫోన్ జేసి బావా నీళ్లతోని నడిచే కిట్ పెట్టిస్త, పెట్రోల్ సగం మిగులుతదట అన్నడు. జర ఆగరా అని షెడ్డుకు పోయి చూసిన. ఒక డబ్బా, దాంట్ల స్టీల్ ప్లేట్లు, నీళ్లల్ల ఇంత వంటసోడా, బ్యాటరీ కరెంట్ ఇస్తే బుడబుడ బుడగలొస్తున్నయ్. గ్యాస్ వచ్చుడు నిజమే, కానీ ఆ కరెంట్ ఎక్కడిది? ఆల్టర్నేటర్ ఇస్తది, దాన్ని ఇంజన్ తిప్పుతది, ఇంజన్‌కు మళ్ల పెట్రోలే పొయ్యాలె కదా. నీళ్లంటేనే కాలిపోయిన హైడ్రోజన్, పొయ్యిల బూడిదను మళ్ల మండిస్తే మండుతదా? కిలో హైడ్రోజన్ తియ్యాలంటే 50 యూనిట్ల దాకా కరెంట్ కావాలె, అది తిరిగి ఇచ్చేది 33 యూనిట్లే. అమెరికాల స్టాన్లీ మేయర్ గిట్లనే నీళ్ల కారు అన్నడు, 1996ల ఒహాయో కోర్టు అది మోసమని తేల్చి పైసలు వాపస్ ఇప్పిచ్చింది.

ఇగ సీఎన్‌జీ, అంటే సిలిండర్ల వత్తి నింపే సహజ వాయువు, దానికి ఇబ్బందుల్లేవని కాదు, డిక్కీ మొత్తం సిలిండరే, పికప్ కొంచెం తగ్గుతది, బంక్ కాడ లైన్ల నిలవడాలె, మూడేండ్లకోసారి సిలిండర్ టెస్ట్ చేపియ్యాలె, ఆర్సీల ఎక్కియ్యాలె. కానీ అది నిజంగ మండే ఇంధనం, కిలోమీటర్‌కు పెట్రోల్ కంటే తక్కువ పడుతది, రోజంతా తిరిగేటోళ్లకు పెట్టిన పైసలు ఎల్లుతయ్. నీళ్ల డబ్బా పైసలు మాత్రం ఎన్నడూ ఎల్లవు, పైంగ సోడా నీళ్లు ఇంజన్లకు పోతే తుప్పు. అప్పు తెచ్చి పెట్టేటోడు గనుక వానికి సీఎన్‌జీనే పెట్టియ్యిరా అని గట్టిగ చెప్పిన, ఈ వారమే తీస్కపోతున్న.