ఫినెస్‌కి ఏ రీల్ మేలు: స్పిన్నింగా, బీఎఫ్‌ఎస్సా?

గాలంతో పట్టబోతే బాస్ చేప పెద్ద లూర్ల (కృత్రిమ ఎరల) వైపు కన్నెత్తి కూడా చూడని రోజుల్లో పనికొచ్చేది ఫినెస్ పద్ధతి. చిన్న మెత్తటి ప్లాస్టిక్ పురుగు, రెండు నుంచి ఏడు గ్రాముల బరువు, సన్నటి లైన్, అంతే. దీనికి ఏ రీల్ (రాడ్‌కి బిగించి లైన్ చుట్టే సాధనం) కొనాలంటే నా జవాబు ముందే చెప్పేస్తాను. మొదటిసారి కొంటుంటే 2500 సైజు స్పిన్నింగ్ రీల్, అదీ లోతు తక్కువ స్పూల్ (లైన్ చుట్టుకునే ఉండ) ఉన్నది తీసుకోండి. తేలిక లూర్ల కోసం చేసిన బీఎఫ్‌ఎస్ రకం బేట్‌కాస్టర్ (లూర్ విసిరేటప్పుడు స్పూల్ తిరిగే రీల్) మీద మనసుంటే దాన్ని రెండో రీల్‌గా పెట్టుకోండి.

ఎందుకంటే స్పిన్నింగ్ రీల్‌లో లైన్ వదిలేటప్పుడు స్పూల్ తిరగదు. బెయిల్ (లైన్‌ని పట్టి ఉంచే తీగ) తెరిచామంటే లైన్ చుట్టలు చుట్టలుగా అంచు మీంచి జారిపోతుంది, దాన్ని లాగడానికి లూర్‌కి ఉన్న కాస్త బరువే చాలు. బేట్‌కాస్టర్‌లో అలా కాదు, లూర్ వెళ్తూ వెళ్తూ స్పూల్‌ని కూడా తిప్పాలి. ఈ తేడా గాల్లో కంటే నీళ్లలో ఎక్కువ తెలుస్తుంది. వాకీ రిగ్‌నే తీసుకోండి. పురుగు నడుముకి హుక్ గుచ్చి, బరువేమీ కట్టకుండా వదిలితే అది రెండు కొసలూ ఆడిస్తూ నిటారుగా దిగాలి, చాలాసార్లు బాస్ అందుకునేది ఆ దిగేటప్పుడే. స్పిన్నింగ్ అయితే బెయిల్ తెరిచి ఉంచితే సరిపోతుంది. బేట్‌కాస్టర్ అయితే అంత తేలికపాటి లూర్‌కి స్పూల్ లైన్ వదలదు, పురుగు లోలకంలా మన వైపు ఊగుతూ వచ్చేస్తుంది, చేప ఉన్న చోటు దాటిపోతుంది. చేత్తో లైన్ లాగి వదులుతూ సర్దుకోవచ్చు గానీ ప్రతి క్యాస్ట్‌కీ (విసురుకీ) అదే పని అంటే విసుగు. డ్రాప్ షాట్‌ని (బరువు కింద, హుక్ దాని పైన ఉండే రిగ్‌ని) పడవ పక్కన లోతుకి దించేటప్పుడూ ఇదే గొడవ.

అలాగని బీఎఫ్‌ఎస్‌ని తీసిపారేయలేం. బెయిట్ ఫినెస్ సిస్టమ్ అని జపాన్‌లో పుట్టిన ఈ రీళ్లలో స్పూల్ చిన్నది, పలచనిది. మామూలు బేట్‌కాస్టర్‌లో స్పూల్ 34 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే దైవా ఆల్ఫాస్ ఎయిర్‌లో 28 మాత్రమే. తిప్పాల్సిన బరువు తగ్గింది కాబట్టి నాలుగైదు గ్రాముల లూర్ కూడా హాయిగా వెళ్తుంది. బొటనవేలు స్పూల్ మీదే ఉంటుంది గనక చెట్టు కొమ్మ కింద జానెడు సందులోకి లూర్‌ని దించి ఆపడంలో దీనికి సాటి లేదు. పైగా ఎనిమిది, పది పౌండ్ల లాగుడు తట్టుకునే ఫ్లూరోకార్బన్ (నీళ్లలో అంతగా కనపడని గట్టి లైన్) నేరుగా వేసుకుని, మోళ్ల మధ్య నుంచి చేపని ధైర్యంగా లాగొచ్చు. కాకపోతే స్పూల్ నిండా లైన్ చుట్టకండి, ఎక్కిన ప్రతి మీటరూ మళ్లీ బరువే, నలభై యాభై మీటర్లు చాలు. ఎదురుగాలిలో మాత్రం చిక్కులు తప్పవు.

ఇక స్పిన్నింగ్‌లోనే సైజుల సంగతి. 1000 మరీ చిన్నది, ఫ్లూరోకార్బన్ లైన్ దాని మీద స్ప్రింగులా ముడుచుకుంటుంది. 3000 బాడీ అనవసరపు బరువు. షిమానోలో సీ3000 అని ఉంటే అది 2500 బాడీకే 3000 స్పూల్ పెట్టినది, అది బాగానే ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో దైవా కొనేవాళ్లు ఒకటి గమనించండి: 2018లో ఎల్‌టీ మోడళ్లు వచ్చాక వాళ్ల అంకెలు మారాయి, పాత 2500 కొత్త ఎల్‌టీ 2500 కంటే పెద్దది.

గేర్ నిష్పత్తి గురించి వాదనలు చాలానే నడుస్తాయి గానీ లెక్క చిన్నదే. 47 మిల్లీమీటర్ల స్పూల్ చుట్టుకొలత దాదాపు 15 సెంటీమీటర్లు. 5.1 గేర్‌తో హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే స్పూల్ మీద లైన్ 5.1 చుట్లు పడుతుంది, అంటే 75 సెంటీమీటర్ల లైన్ వస్తుంది, 6.2 అయితే 90 దాటుతుంది. ఫినెస్‌లో లూర్‌ని కదిలించేది రాడ్, రీల్ కాదు. రీల్ పని వదులైన లైన్‌ని చుట్టుకోవడం, హుక్ పడ్డాక మన వైపే దూసుకొచ్చే చేపతో సమానంగా లైన్ అందుకోవడం. అందుకే నేను ఆరు పైన ఉన్నదే తీసుకుంటాను.

అసలు డబ్బు పెట్టాల్సింది డ్రాగ్ మీద, అంటే చేప గట్టిగా లాగితే లైన్ తెగకుండా కాస్త కాస్త వదిలే బిగింపు మీద. పెట్టె మీద తొమ్మిది కిలోలని రాసి ఉంటే మురిసిపోకండి. ఆరు పౌండ్ల లీడర్ (లైన్ కొసకి కట్టే ముక్క) వాడితే డ్రాగ్ పెట్టేది దాని బలంలో మూడో వంతు లోపే, అంటే 700 నుంచి 900 గ్రాములు. కావాల్సింది ఆ కాస్త బిగింపులో డ్రాగ్ తడబడకుండా జారడం. కొనేముందు లైన్‌ని రాడ్ రింగుల గుండా తీసి, డ్రాగ్‌ని అంత వరకే బిగించి, ఒకరిని మెల్లగా లాగమనండి, మీరు రాడ్ కొన చూడండి. కొన ఒక వంపులో నిలిచి లైన్ సాగుతుంటే మంచి రీల్. కొన వంగి, టక్కున లేచి, మళ్లీ వంగితే ఆ రీల్ వద్దు, చేప పడవ దగ్గర ఒక్క ఊపు ఊపినప్పుడు సన్నటి లీడర్ తెగేది అక్కడే. బేరింగులు ఎన్ని ఉన్నాయన్నది పట్టించుకోనక్కర్లేదు, లైన్ రోలర్ (బెయిల్ దగ్గర లైన్ జారే చిన్న చక్రం) స్వేచ్ఛగా తిరుగుతోందా లేదా అన్నదే చూడండి.

స్పిన్నింగ్‌కి ఉన్న అసలు లోపం లైన్ మెలిక. డ్రాగ్ జారుతుండగా హ్యాండిల్ తిప్పుతూ పోతే లైన్ ఒక్క అంగుళం రాదు, 6.2 గేర్ అయితే ప్రతి చుట్టుకీ ఆరు మెలికలు పడతాయి. అందుకే చేప లాగుతుంటే తిప్పడం ఆపండి, క్యాస్ట్ అయ్యాక బెయిల్‌ని చేత్తోనే మూసి లైన్ ఒకసారి బిగువుగా లాగండి. పది పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైన్) చుట్టి, కొసకి ఆరు నుంచి ఎనిమిది పౌండ్ల ఫ్లూరోకార్బన్ లీడర్ కడితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. స్పూల్ అంచుకి రెండు మిల్లీమీటర్లు ఖాళీ వదలండి, నిండా చుట్టిన సన్నటి బ్రెయిడ్ ఒకేసారి గుత్తులుగా ఊడి ముడిపడుతుంది.